చీకటి చుట్టు

ఫిబ్రవరి 9, ఆదివారం

ప్రేమ్ ఫోన్ చేశాడు. పేర్లు ఎక్కించేశాడట. మధుకర్, ప్రేమ్, అంటే నేనూ వాడూ, జంట సైకిలు పోటీకి. పోచంపాడ్ ప్రాజెక్టు వెనుకనీళ్ల ఒడ్డున, మార్చి ఇరవై రెండున, పొద్దున పదింటికి మొదలు, రాత్రి పదింటికి ఆఖరు. ఒకరు ఒక చుట్టు తిరిగొచ్చి చేతిపట్టీ అందిస్తే ఇంకొకరు బయలుదేరాలి. ఈసారి కొత్త షరతు పెట్టారు. జంటలో ఇద్దరూ తలా ఒక్కటైనా చీకటి చుట్టు తిరగాలి. లేకపోతే ఆ జంట లెక్కలోకి రాదు.

పోయినేడు చీకటి చుట్లన్నీ ప్రేమే తిరిగాడు, నాకు మోకాలు నొప్పి అని. మోకాలు నిజంగానే నొప్పి పెట్టింది.

ఇప్పుడు మోకాలు బాగుంది. దీపం ఒక్కటి మంచిది చూసుకోవాలి. పాతది దండగమారిది.

ఫిబ్రవరి 11

సైకిలు దుకాణంలో గిరాకీ లేదు. టైర్ల గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. ఇలాంటి రోజులు నాకు ఇష్టం. ఎదురుగా బోధన్ శక్కర్‌నగర్ రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు పోతూ ఉంటాయి, నేను మాత్రం అక్కడ ఉండను, నీళ్ల ఒడ్డున ఉంటాను.

పోటీ పెట్టే హైదరాబాద్ వాళ్లకు మన నల్లరేగడి సంగతి తెలియదు. మార్చికి నీళ్లు వెనక్కి పోతాయి, ఒడ్డంతా నెర్రెలిస్తుంది. సన్న టైరు నెర్రెలో దిగిందంటే సైకిలు అక్కడే ఆగుతుంది, మనిషి ఒక్కడే ముందుకు పోతాడు. వెడల్పు టైరు నెర్రె మీదుగా దాటుతుంది కానీ బరువు. ముందు చక్రానికి వెడల్పుది, వెనక కొంచెం సన్నది వేస్తాను. ప్రేమ్ రెండూ సన్నవే అంటాడు. నిజామాబాద్‌లో బ్యాంకు నౌకరీ, ఇరవై ఏడేళ్ల వయసు, ఏదైనా తేలిగ్గా ఉండాలనిపించే కాలం.

ట్యూబులు తీసేసి టైర్లలో పాలు పోశాను. అవ్వ చూసి, తాగే పాలు చక్రానికి పోస్తున్నావా కొడుకా అని నోరు నొక్కుకుంది. ఇది జిగురు, ముల్లు గుచ్చుకున్నా గడ్డకట్టి బొక్క మూసుకుంటుంది, పంచర్ అన్నదే ఉండదు అని చెప్పాను. గోడ మీద బాపు ఫోటో వైపు చూసింది. పంచర్లు వేసే కదా ఆయన పెళ్లాం బిడ్డలను సాకింది. తుమ్మముళ్లకు దండం పెట్టుకున్న మనిషి.

ఫిబ్రవరి 15

బ్యాంకు మూశాక ప్రేమ్ వచ్చాడు. ఇద్దరం చెరుకు తోటల మధ్య బండ్లబాట పట్టుకుని పోయాం. సగం తోటలు కొట్టేశారు, సగం నిలబడి ఉన్నాయి. పొద్దు మునిగాక కూడా చెరుకు ఆకుల మీద వెలుగు కాసేపు ఆగుతుంది. ఆ కాసేపు నేను ఎవరినో, ఏ ఊరివాడినో మరిచిపోతాను. తర్వాత అంతా ఒక్కసారే మెత్తబడిపోతుంది. బాట, గట్టు, తోట కలిసిపోయి నీళ్ల అడుగున పోతున్నట్టు ఉంటుంది. దీపం వెలుగు నా ముందు పళ్లెమంత గుండ్రంగా. పళ్లెం బయట ఏమీ లేదు.

ప్రేమ్ ముందు పోతూ పెడలు ఆపినప్పుడల్లా వాడి వెనక చక్రం కీచురాయిలా అరుస్తుంది. ఆ చప్పుడు వాడికి నచ్చదు, మార్చమంటాడు. వద్దన్నాను. మంచి కంపెనీది, ఎందుకు మార్చడం.

తిరిగొచ్చాక అడిగాడు. “అన్నా, కుందేలును సూసినవా? నీ చక్రం ముంగట్నుంచే ఉరికింది.”

చూశానన్నాను. దీపం బాగాలేదు.

ఫిబ్రవరి 16

కొత్త దీపం తెప్పిస్తున్నాను.

ఫిబ్రవరి 20

దీపం వచ్చింది. పాతదానికి మూడింతలు వెలుగట. పెరట్లోంచి ఇంటి వెనక తోట మీదికి వేసి చూశాను. పళ్లెం పెద్దదవుతుందనుకున్నాను. తెల్లబడిందంతే.

కంపెనీవాడు మోసం చేశాడని అన్నం దగ్గర తిట్టాను. నా భార్య రోజా నెమ్మదిగా పప్పు వడ్డించింది. అవ్వ మాత్రం, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస అని, ఆ మాట అన్నాక తనే ఎందుకో ముఖం తిప్పుకుంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఇందల్వాయి అడవిలో గుట్ట ఎక్కుడు. రోజంతా బంగారం. టేకాకులు రాలి బాటంతా పరుచుకున్నాయి, చక్రం కింద అప్పడాల్లా విరుగుతున్నాయి. ఎక్కేటప్పుడు ముందు స్ప్రింగు ఫోర్కుకు తాళం వేస్తే ఊగడం మానేసి బలమంతా చక్రానికి పోతుంది. దిగేటప్పుడు తాళం తీసేయాలి. ప్రేమ్ దిగేటప్పుడు మరిచిపోయి మణికట్లు నొప్పి చేసుకున్నాడు. ఎక్కుడులో వాడిని దాటేశాను. ఇంత ఎండలో, ఇంత వెలుగులో నన్ను పట్టేవాడు ఈ జిల్లాలో లేడని గట్టిగా అరవాలనిపించింది. అరిచాను కూడా. ఒక కోతి ఉలిక్కిపడింది.

సీటు ఒక వేలు మందం పైకి లేపాలి. పోటీలో సజ్జరొట్టె, పల్లిపట్టీ, ఉప్పు కలిపిన చెరుకు రసం. హైదరాబాద్ వాళ్లు బలానికని జిగట పొట్లాలు నాకుతారు, నాకు వాంతి వస్తుంది.

ఇంటికొచ్చేసరికి మళ్లీ మేక కార్జం కూర. ప్రతి ఆదివారం కార్జం, రోజు విడిచి రోజు మునగాకు. పోటీకి బలం అంటుంది అవ్వ. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పెడుతూనే ఉంది, అప్పుడు ఏ పోటీ ఉందో.

ఫిబ్రవరి 27

నిన్న శివరాత్రికి కందకుర్తి పోయి వచ్చాం. మామ ఇల్లు అక్కడే. తుకారాం మామ అవ్వకు తమ్ముడు, నాకు మేనమామ, రోజాకు తండ్రి. గోదావరి, మంజీర కలిసేచోట జనమే జనం, సగం మాటలు మరాఠీలో.

మామ దీపం పెట్టే వేళకే ఇంట్లోకి పోయి మంచం ఎక్కాడు. అలవాటే. ఇప్పుడు పగలు కూడా కళ్లు సరిగా ఆనవు, శుక్లాలు అంటారు. వయసులో ఉన్నప్పుడు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశాడు. రాత్రి డ్యూటీ మాత్రం ఎక్కేవాడు కాదు. వేస్తే బతిమాలి మార్పించుకునేవాడు. చివరికి ఇక మార్చేది లేదన్నారని నౌకరీయే వదిలేశాడు. దయ్యాలకు భయపడి పర్మినెంటు నౌకరీ వదిలిన మగాడు బోధన్‌లో ఆయనొక్కడే. పిరికి తుకారాం అని ఇప్పటికీ అంటారు. చిన్నప్పుడు నన్ను చూసి అందరూ మేనమామ పోలిక, అదృష్టవంతుడు అనేవాళ్లు. నాకు కోపం వచ్చేది.

మా పిల్ల దీక్షితకు పదేళ్లు వచ్చాయి, జాతరలో ఇంకా తల్లి కొంగు పట్టుకునే నడుస్తోంది. సిగ్గులేదా అన్నాను. కొంగు వదిలేసి, రెండడుగులు వేసి, మళ్లీ పట్టుకుంది.

మార్చి 3

పెరట్లో మల్లెపందిరి మొగ్గ తొడిగింది. ఊళ్లో ఆడవాళ్లంతా మొగ్గలు ఎండ తగ్గగానే కోసుకుంటారు. రోజా మాత్రం దీక్షితను దీపాల వేళకు పంపుతుంది. అప్పుడు కోస్తేనే వాసన నిలుస్తుందట. పిల్ల బుట్టతో పందిరి కిందికి పోతుంది, రోజా వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంటుంది. అన్నం మాడిన వాసన వచ్చినా కదలదు.

నేను దుకాణంలోంచి వచ్చేసరికి మెట్ల అంచులకు కొత్తగా సున్నం పూసి ఉంది. నెల తిరక్కుండా పూస్తుంది. మెట్లకు, నీళ్ల తొట్టికి, గేటు రాళ్లకు. అలంకారాల పిచ్చి.

మార్చి 4

హెల్మెట్‌కు కూడా ఒక దీపం తగిలిస్తాను. రెండు దీపాలు.

మార్చి 8

రెండు దీపాలతో పోయాను. కాలువ కట్ట మీద అలవాటైన బాటే, కళ్లు మూసుకుని పోగలను. పడ్డాను. కాలువలో నీళ్లు తక్కువ, దెబ్బలేమీ లేవు. ముందు టైరులో గాలి ఎక్కువైంది, అందుకే జారింది. గాలి తగ్గించాను.

ప్రేమ్ నన్ను పైకి లాగుతూ, మలుపు ఉంది కదా అన్నా అన్నాడు. గాలి ఎక్కువైందని చెప్పాను.

రోజా తడి బట్టలు చూసి ఏమీ అడగలేదు. అడగనందుకు కోపం వచ్చింది. ఏం కోపమో తెలియదు.

మార్చి 10

పొద్దున లేచి చూస్తే పందిరి నిండా మల్లెలు విచ్చుకుని ఉన్నాయి. సాయంత్రం కోయమంటే సగం కూడా కోయలేదు పిల్ల. ఒళ్లు వంగదు అని తిట్టాను. దీక్షిత సంచి తగిలించుకుని బడికి పోయింది. రోజా నా మీదికి ఇంతెత్తున లేచింది. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆ గొంతు నేను వినలేదు. పిల్లను ఇంకొక్క మాట అంటే బాగుండదంది.

తెల్లగా, పందిరంతా. అందంగానే ఉంది.

మార్చి 12

దీపాలు రెండూ వెనక్కి పంపి ఇంకా పెద్దవి అడగాలా? ప్రేమ్‌కు అదే దీపం, వాడికి సరిపోతుంది. వాడి కళ్లు వేరు, వయసు వేరు.

మార్చి 14

హోలీ. ప్రేమ్ తల్లి సుమిత్రమ్మ పుట్టిల్లు హున్సా. పిడిగుద్దులాటకు పిలిచింది. ఎన్నేళ్ల నుంచో విన్నాను, ఎప్పుడూ పోలేదు. పొద్దు వాలే వేళకు ఊరి నడుమ తాడు కడతారు. అటు కొందరు, ఇటు కొందరు. తాడు పట్టుకుని పిడికిళ్లతో గుద్దుకుంటారు. పగ లేదు, పంతం లేదు, ఊరికి మంచిదని. అయిపోగానే కౌగిలించుకుంటారు.

ప్రేమ్ నన్ను తాడు దగ్గరికి లాగాడు. పొద్దు మునిగింది. గులాల్ లేచి గాలి గులాబీ రంగులో ఉంది. ఆ రంగులోంచి ముఖాలు వస్తున్నాయి, పోతున్నాయి. నాకు భయమే వేయలేదు. ఏదో పాత కలలోకి పోయినట్టుంది. ఎదుటివాడి నవ్వు ఒక్కటే కనిపిస్తోంది. అప్పుడు చెంప మీద పడింది. ఎటు నుంచి వచ్చిందో తెలియదు. మళ్లీ పడింది. అదే చెంప.

ఆట అయిపోయాక ముసలివాళ్లు వచ్చి భుజం తట్టారు. బోధన్ మనిషి రెప్ప కొట్టకుండా నిలబడ్డాడు, మగాడంటే ఇతను అన్నారు. ఎవరో దండ కూడా వేశారు.

ప్రేమ్ నవ్వలేదు. బండి దగ్గరికి వచ్చాక మెల్లగా అన్నాడు. “అన్నా, పక్కపొంటి గుద్దు వస్తుంటె నువ్వు జర సుత కదలలె. అసలు సూడనే లేదు.”

గులాల్ కంట్లో పడిందన్నాను.

మార్చి 15

రాయడానికి ఏమీ లేదు.

మార్చి 16, ఆదివారం

పొద్దున్నే సైకిలు తీసి కందకుర్తి పోయాను. ఎందుకు పోతున్నానో దారిలో ఎక్కడా నాకు నేను చెప్పుకోలేదు. టైరు గాలి చూసుకోవడానికి అనుకున్నాను. గాలి బాగానే ఉంది.

మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకే, అల్లుడు వచ్చిండు అన్నాడు. పక్కన కూర్చోగానే నా ముఖం తడిమాడు. వాచిన చెంప దగ్గర వేళ్లు ఆగాయి. హున్సా సంగతి ఎవరో చెప్పినట్టున్నారు.

“పక్కకెల్లి తగిలిందా?”

అవునన్నాను.

“వచ్చేది కనవడలేదా?”

ఆయన చెయ్యి తీయలేదు. నది వైపు ముఖం తిప్పి చెప్పాడు.

“దయ్యం లేదు గియ్యం లేదు అల్లుడా. పొద్దుగూకితె నాకు కండ్లు కనవడకపోతుండె. మా మేనమామకు సుత గిట్లనే ఉండె. పిరికోడంటె పిల్లనిస్తరు. కండ్లులేనోడంటె ఎవలిస్తరు?”

పిరికి అన్న ఆ పేరు ఇంట్లో వాళ్లే పుట్టించారట. ఆయన తల్లి, మా అవ్వ కలిసి. మైసమ్మ గుడి దగ్గర జడుసుకున్నాడని వాడకట్టంతా చెప్పి వచ్చారట. ఫ్యాక్టరీలో వాళ్లు నవ్వితే ఆయన కూడా నవ్వేవాడు. తప్పించుకోలేక రాత్రి డ్యూటీ పడిన రోజుల్లో, మహారాష్ట్ర చెరుకు బండి ఏదైనా ఖాళీగా తిరిగిపోతుంటే దాని వెనక నడిచేవాడట. ఎడ్ల మెడల్లో మువ్వల చప్పుడు పట్టుకుని ఇంటికి చేరేవాడు. ఒక బండివాడికి సంగతి అర్థమై, పోతూ పోతూ ఒక మువ్వల పట్టెడ విప్పి ఇచ్చాడు. మామ లోపలికి పోయి, ఏమీ తడుముకోకుండా సందూక పెట్టెలోంచి దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. తోలు ఎండిపోయింది. మువ్వలు మోగుతున్నాయి.

“ఇది నాకెందుకు మామ?” అన్నాను.

“ఉంచుకో,” అన్నాడు.

అదే కళ్లతో మామ పిరికివాడయ్యాడు, నేను దండ వేయించుకున్నాను. దారి పొడుగునా నవ్వు వచ్చింది. నవ్వు ఎక్కడ ఆగిందో గుర్తులేదు. చెరుకు తోటలు మసకబారినట్టనిపిస్తే కళ్లు తుడుచుకున్నాను. మిట్టమధ్యాహ్నం.

మార్చి 18

ఇవాళ ఇల్లు చూశాను. ఇన్నేళ్లూ ఉన్న ఇల్లే.

నీళ్ల బిందె ఎప్పుడూ అక్కడే. నా చెప్పులు ఎప్పుడూ కుడి పక్కనే. నడిచే దారిలో కుర్చీ లేదు, పీట లేదు, ఎత్తి పెట్టని చాట లేదు. మెట్ల అంచులకు సున్నం. తొట్టికి సున్నం. గేటు రాళ్లకు సున్నం. మామ ఇంట్లోనూ ఇలాగే ఉంటుంది. అత్త బతికున్నప్పుడు అత్త పూసేది.

ఎప్పటి నుంచి తెలుసు అని రోజాను అడిగాను.

“పెండ్లికి ముందుకెల్లి తెల్సు బావ. నేను ఆ ఇంట్ల పెరిగినదాన్నే గద.”

మరి నాకెందుకు చెప్పలేదన్నాను. నువ్వు అడగలేదంది. అవ్వ వాకిట్లోంచి, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది బిడ్డా అని అంది, నాతోనో రోజాతోనో. బియ్యం చెరగడం ఆపలేదు. చాటలో కన్నీళ్లు పడుతున్నాయి.

హైదరాబాద్ పోయి పెద్ద కళ్ల ఆసుపత్రిలో చూపించుకుందాం అంది రోజా. పోటీ తర్వాత అన్నాను. సరేనంది. ఆ తర్వాత చాలాసేపటికి, ఇంకేదో చెప్పాలన్నట్టు నోరు తెరిచి, పందిరి వైపు చూసి, మూసుకుంది.

మార్చి 20

సామాను సర్దుతున్నాను. గొలుసు కడిగి నూనె వేశాను. ఎండుమట్టికి పలచటి నూనె మంచిది, చిక్కటిదైతే దుమ్ము పట్టి రుబ్బురోలవుతుంది. బ్రేకు దిమ్మలు కొత్తవి. టైరులో పాలు ఇంకొంచెం పోశాను. రెండు దీపాలూ ఛార్జింగ్ పెట్టాను.

ప్రేమ్‌కు చెప్పాలి. ఎల్లుండి కలిసినప్పుడు చెప్తాను. ఫోన్‌లో చెప్పే మాట కాదు.

అయినా ఒక్క చుట్టు. ఒడ్డంతా బోడినేల, చెట్టు లేదు చేమ లేదు. పగలంతా అదే బాట తిరుగుతాను కాబట్టి ప్రతి మలుపూ గుర్తుంటుంది. దీపాలు రెండున్నాయి. మెల్లగా పోతే ఒక్క చుట్టు పోగలను. మామ నడిచి రాలేదా. చెప్పకపోయినా పరవాలేదేమో.

సంచి అడుగున రోజా మువ్వల పట్టెడ పెట్టింది. తీసేశాను. మళ్లీ పెట్టింది.

మార్చి 23, ఆదివారం

నిన్నటిది రాయాలి.

పగలు బాగా గడిచింది. అంత బాగా ఎప్పుడూ గడవలేదు. నీళ్లు దూరంగా పోయి పడుకుని ఉన్నాయి. వాటికీ మాకూ నడుమ నల్లని ఒడ్డు, నెర్రెలు, ఆరేసిన చేపల వలలు. కొంగలు మమ్మల్ని పట్టించుకోలేదు. నా ముందు టైరు నెర్రెల మీద పడవలా పోయింది. ప్రేమ్ సన్న టైరు రెండుసార్లు దిగబడింది, రెండోసారి వాడే ఒప్పుకున్నాడు, నువ్వు చెప్పింది వినాల్సింది అని. నేను ఎండలో తిరిగాను, వాడు నీడలో పడుకున్నాడు. వాడు తిరిగాడు, నేను చెరుకు రసం తాగి రొట్టె తిన్నాను. ప్రతి చుట్టులో మలుపులు మనసులో పెట్టుకున్నాను. వల దగ్గర ఎడమ, బోర్లించిన తెప్ప దగ్గర కుడి, తర్వాత ఇసుక, తర్వాత ముళ్లకంప పక్కన సన్నదారి. సాయంత్రానికి మా జంట ముందువరుసలోనే ఉంది. ప్రేమ్ ముఖం వెలిగిపోతోంది. పోయినేటి నుంచి వాడు దీని గురించే కలవరించాడు.

పొద్దు మునిగింది. దీపాలు పెట్టుకోమని మైకులో చెప్పారు. ప్రేమ్ మొదటి చీకటి చుట్టు పోయాడు. నేను నా సైకిలు పట్టుకుని గీత దగ్గర నిలబడ్డాను, రెండు దీపాలూ వేసుకుని. నీళ్లు, ఒడ్డు, ఆకాశం ఒకటే ముద్దయ్యాయి. ఎంత మెత్తగా ఉందో లోకం. పగలు నేర్చుకున్న మలుపులన్నీ తలలో వల్లె వేశాను. వల, తెప్ప, ఇసుక, కంప. అప్పుడు ఎవరిదో నీళ్ల సీసా నా కాలికి తగిలింది. వెతికాను. పళ్లెమంత వెలుగుతో వెతికాను, కాళ్ల దగ్గరున్న సీసా కనిపించలేదు. అక్కడే ఉంది. కనిపించలేదు.

ప్రేమ్ వచ్చి చేతిపట్టీ చాచాడు. నేను అందుకోలేదు.

“ప్రేమ్, నాకు పొద్దుగూకితె కండ్లు కనవడవు.”

ఈ పుస్తకంలో కూడా ఆ మాట ఇంతవరకు రాయలేదు నేను.

వాడికి మొదట అర్థం కాలేదు. ఎప్పటి నుంచి అన్నాడు. చిన్నప్పటి నుంచే కావచ్చు అన్నాను. వాడు ఒక్కొక్కటే లెక్క చూసుకున్నట్టుంది. కుందేలు, కాలువ, హున్సా. ఊపిరి ఇంకా అందక రొప్పుతున్నాడు.

“ఇన్ని రాత్రులు నువ్వు ఎన్క వస్తున్నవని నేను గంత స్పీడ్ పోయిన. నీకేమన్న అయితె వదినెకు నేనేం చెప్పాలె అన్నా?”

ఆ కోపం న్యాయమైనదే. వాడు పట్టీ తన చేతికే మళ్లీ చుట్టుకుని, నా వంతు కూడా తనే తిరగడానికి వెళ్లిపోయాడు. అది ఎందుకూ పనికిరాదని వాడికీ తెలుసు. నేను డేరాలో కూర్చున్నాను. అవమానం అనుకున్నాను, కానీ అది కాదు. ఇన్నాళ్లూ మోస్తున్న బరువు ఒకటి ఎవరి ముందో దించి, ఇక ఎత్తుకోనక్కర్లేదని తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఏడ్చాను కూడా.

వాడు ఒకటి కాదు, వరసగా చాలా చుట్లు తిరిగాడు, కోపం అరిగేదాకా. వచ్చి సైకిలు కింద పడేసి, నీళ్లు తాగి, నా సంచిలో రొట్టె కోసం చెయ్యి పెట్టాడు. మువ్వలు మోగాయి. ఇదేంటని అడిగితే మామ సంగతి చెప్పాను. చెరుకు బండి, ఎడ్లు, ఇంటిదారి. వాడు రొట్టె తింటూ విన్నాడు. తిన్నాక పట్టెడను తన సీటు కింద గట్టిగా కట్టి, సైకిలు ఒకసారి ఊపి చూశాడు.

“ఇగ నడువు. మెల్లగ పోదాం,” అన్నాడు.

ఆ చుట్టు గురించి ఎలా రాయాలో తెలియడం లేదు. ముందు మువ్వలు, వెనక నేను. కొంత దూరం పోయాక దీపాలు రెండూ ఆపేశాను. ఉన్నా లేనట్టే అయినప్పుడు ఎందుకు. ఆపేశాకే బాగుంది. నెర్రె మీద చక్రం పడితే మువ్వలు రెండుసార్లు ఎగిరాయి, నేను చేతులు వదులు చేసి సిద్ధమయ్యాను. ఇసుకలో వాటి గొంతు తగ్గింది, నేను గేరు తగ్గించాను. ఎడమ పక్క నీళ్ల చల్లదనం, కుడి పక్క కంప వాసన, నడుమ నేను. ఇన్నేళ్లూ కళ్లు చించుకుని చూసి అలసిపోయినవాణ్ణి, నిన్న మొదటిసారి చూడటం మానేసి పోయాను. రెండుసార్లు పడ్డాను. రెండుసార్లూ మువ్వలు ఆగి, కదలకుండా నిలబడ్డాయి.

మేం ఇంకా తెప్ప దగ్గర ఉండగానే దూరంగా ఆఖరి సైరను మోగింది. పది అయిపోయింది. చుట్టు లెక్కలోకి రాలేదు, మా జంట కూడా రాలేదు. గీత దాటేసరికి డేరాలు విప్పుతున్నారు. ప్రేమ్ సీటు కింది మువ్వలు విప్పి నా చేతిలో పెట్టాడు. వచ్చేయేడు నాకు ముందే చెప్పు అన్నాడు. వచ్చేయేటికి నాకెంత మిగులుతుందో తెలియదు, అయినా చెప్తానన్నాను.

మార్చి 24

ఒళ్లంతా నొప్పులు. దుకాణం తీయలేదు.

ప్రేమ్ ఫోన్ చేశాడు. వెనక చక్రం చప్పుడు మార్చనవసరం లేదట.

మార్చి 26

ఆసుపత్రికి శుక్రవారం పోతున్నాం. మామను కూడా తీసుకుపోదామన్నాను. ముగ్గురం కాదు, నలుగురం అంది రోజా. దీక్షితను కూడానా, బడి పోతుంది కదా అన్నాను. జవాబు చెప్పకుండా పిల్లను పిలిచి పూలబుట్ట ఇచ్చింది.

దీపాల వేళ. దీక్షిత పెరట్లోకి పోయింది. నాకేం తోచిందో, నేనూ వెనక పోయాను. నేను కూడా కోస్తాను బిడ్డా అన్నాను. నవ్వింది. పందిరి కింద వాసన తప్ప నాకేమీ లేదు. చెయ్యి పైకి పెట్టి తడిమాను. ఆకు, ఆకు, పుల్ల, మొగ్గ. మొగ్గ చల్లగా, గట్టిగా ఉంటుంది, వేళ్లకు తెలిసిపోతుంది. ఒకటి కోసి ఇంకోదాని కోసం జరిపితే నా చేతికి దీక్షిత చెయ్యి తగిలింది. అది కూడా తడుముతోంది. ఆకు, ఆకు, పుల్ల, మొగ్గ.

ఆ రోజు పొద్దున పందిరి నిండా విచ్చుకున్న తెల్లటి పూలు గుర్తొచ్చాయి. నేను తిట్టింది గుర్తొచ్చింది. కొంగు గుర్తొచ్చింది. రోజా రోజూ గుమ్మంలో నిలబడి చూసేది పిల్లను కాదు, పిల్ల చేతులను.

“మొగ్గలు కనవడ్తున్నయా బిడ్డా?”

“గిప్పుడెట్ల కనవడ్తయి బాపు? తడిమి తెంపాలె.”

“నాకు సుత కనవడ్తలేవు,” అన్నాను.

దీక్షిత ఒక మొగ్గను బుట్టలో వేసింది. నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు, ముద్దుగా విసుక్కుంది.

“పొద్దుగూకితె ఎవలకు కనవడ్తది బాపు?”

రోజా గుమ్మంలో ఉండే ఉంటుంది. నాకు గుమ్మం వెలుగు ఒక్కటే తెలుస్తోంది. పిల్ల చెయ్యి పట్టుకుని పక్క కొమ్మ మీద పెట్టాను, ఇక్కడ ఇంకా ఉన్నాయని. చేతికి అందిన మొగ్గలన్నీ ఇద్దరం కలిసి కోశాం.

పిల్ల పడుకున్నాక దుకాణం గదిలోకి పోయి మువ్వల పట్టెడకు నూనె రాశాను. తోలు మెత్తబడింది. మొదట దీక్షిత చిన్న సైకిలుకు కట్టబోయాను. తర్వాత విప్పి, నా సీటు కింద కట్టాను. ఈ దారిలో ముందు పోవలసింది నేను కదా.